ధర పడిన రోజు కాదు, నీళ్ళు చెడిన రోజు చూడండి

ప్రశ్న (ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం): కోనసీమలో మా అమ్మ పేరున ఎకరం ఇరవై సెంట్ల కొబ్బరి తోట, అందులో పెంకుటిల్లు ఉన్నాయి. 2021లో తోటకు అర కిలోమీటరు దూరంలో ఒక కంపెనీ గ్యాస్ బావి తవ్వింది. ఫ్రాకింగ్ (ఎక్కువ ఒత్తిడితో నీళ్ళు పంపి భూమి లోపలి రాతి పొరలను పగలగొట్టి గ్యాస్ తీయడం) చేశారని ఊళ్ళో అందరూ అంటున్నారు. ఆ ఏడాది దీపావళి రోజు ఉదయం అమ్మ బోరు కొట్టి బిందె నింపితే నీళ్ళు కిరసనాయిలు వాసన కొట్టాయి. అప్పటినుంచి తాగే నీళ్ళు కొనుక్కుంటున్నాం, కొబ్బరి దింపు కూడా సగానికి పడిపోయింది. నిరుడు తోట 58 లక్షలకు బేరం కుదిరింది, బయానా ఇచ్చేముందు నీళ్ళ సంగతి తెలిసి వాళ్ళు వెనక్కి తగ్గారు. ఇప్పుడు 35 లక్షలకు మించి ఎవరూ అడగడం లేదు. ఆ తేడా 23 లక్షలు కంపెనీ నుంచి వసూలు చేయవచ్చా? బేరం చెడింది నిరుడే కాబట్టి ఇంకా టైం ఉందని స్నేహితులు అంటున్నారు. విశాఖ కోర్టులో కేసు వేయవచ్చా? బ్రోకరు మాత్రం నీళ్ళ ఊసు ఎత్తకుండా దూరపు పార్టీకి అమ్మేద్దామంటున్నాడు.

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో రెండు పేజీలు మీ నాన్నగారు నాటిన చెట్ల గురించే. నేను గీత గీసుకున్నది మాత్రం ఒక్క మాట కింద: 'దీపావళి రోజు ఉదయం'. 2021లో దీపావళి నవంబరు 4న వచ్చింది. మీ కేసు నిలబడేదీ పోయేదీ ఆ తేదీ మీదే.

పర్యావరణ నష్టానికి పరిహారం అడగాల్సింది జాతీయ హరిత ట్రిబ్యునల్‌ని, అంటే పర్యావరణ కేసులు తేల్చే ప్రత్యేక న్యాయస్థానాన్ని. దాన్ని ఏర్పాటు చేసిన 2010 నాటి చట్టంలో 15వ సెక్షన్ ఐదేళ్ళ గడువు ఇస్తుంది. ఐదేళ్ళు ఎప్పటినుంచి? నష్టపరిహారం అడిగే కారణం 'మొదట' ఏర్పడిన రోజు నుంచి. ఆ 'మొదట' అన్న మాటను మీ స్నేహితులు చదవలేదు. నీళ్ళు చెడింది 2021 నవంబరులో, బేరం చెడింది దాని ఫలితంగా. కాబట్టి 2026 నవంబరు మొదటి వారంతో మీ గడువు ముగుస్తుంది. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇవ్వవచ్చు, అంతకుమించి ఇచ్చే అధికారం ట్రిబ్యునల్‌కి లేదు. నీళ్ళు ఇప్పటికీ చెడుతూనే ఉన్నాయి కాబట్టి గడువు రోజూ కొత్తగా మొదలవుతుందని వాదించే వకీళ్ళు దొరుకుతారు. చేతిలో అసలు గడువు ఉండగా ఆ వాదన మీద ఆధారపడకండి.

విశాఖ కోర్టు సంగతి రెండు ముక్కల్లో. మీరు గాజువాకలో ఉన్నంత మాత్రాన ఇక్కడి కోర్టుకు అధికారం రాదు. పైగా ట్రిబ్యునల్ తేల్చాల్సిన పరిహారాల్లో సివిల్ కోర్టు జోక్యాన్ని 29వ సెక్షన్ అడ్డుకుంటుంది. మీ దరఖాస్తు వెళ్ళాల్సింది చెన్నైలోని దక్షిణ మండల బెంచ్‌కి. ఆన్‌లైన్‌లోనే ఫైల్ చేయవచ్చు. ఫీజు అడిగిన పరిహారంలో ఒక శాతం, అంటే 23 లక్షలకు 23 వేలు.

ఇక 23 లక్షలు వస్తాయా అన్న ప్రశ్న. 'పక్కన గ్యాస్ బావి ఉంది, జనం భయపడుతున్నారు, అందుకే ధర తగ్గింది' అంటే పరిహారం రావడం చాలా కష్టం. 'మా బోరు చెడింది, తోట దెబ్బతింది, అందుకే ధర తగ్గింది' అంటే అది ఆస్తి నష్టం. ఆస్తికి, పంటకు, చెట్లకు జరిగిన నష్టాలు చట్టం రెండో షెడ్యూల్లో ఉన్నాయి. కాబట్టి మీ కేసు ధర గురించి కాదు, నీళ్ళ గురించి. మార్కెట్ కూడా అదే చెబుతోంది. ఫ్రాకింగ్ ఎక్కువగా జరిగిన అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఇళ్ళ అమ్మకాలను పరిశీలించి 2015లో ఆర్థికవేత్తలు ఒక అధ్యయనం ప్రచురించారు. బావి పక్కనున్న ఇళ్ళలో సొంత బోరు నీళ్ళ మీద బతికేవాటి ధర పడింది. కుళాయి నీళ్ళు వచ్చే ఇళ్ళ ధర కొంచెం పెరిగింది కూడా.

నీళ్ళు చెడితే తప్పు లేదని కంపెనీయే నిరూపించుకోవాలంటూ వాట్సాప్‌లో వచ్చిందని మీరు జతచేసిన మెసేజ్ నిజమే, కానీ మనకు పనికిరాదు. పెన్సిల్వేనియాలో 2012 చట్టం ప్రకారం ఫ్రాకింగ్ బావికి 2,500 అడుగుల లోపు, పని ముగిసిన 12 నెలల లోపు నీళ్ళు చెడితే కంపెనీదే బాధ్యత అని ముందే అనుకుంటారు, కాదని కంపెనీయే నిరూపించుకోవాలి. మన చట్టంలో అలాంటి వెసులుబాటు లేదు. కంపెనీ నిర్లక్ష్యం చేసిందని మీరు నిరూపించక్కర్లేదు, 17వ సెక్షన్ ఆ భారం తీసేసింది. నష్టం ఆ బావి పని వల్లే వచ్చిందని మాత్రం చూపాలి. 2020 మే 7న మన విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైతే మర్నాడే ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకుని 50 కోట్లు డిపాజిట్ చేయమంది. మనకీ అంతే అనుకుంటున్నట్టున్నారు. అక్కడ ఒక ట్యాంకు, ఒక తెల్లవారుజాము, అందరి కళ్ళముందూ జరిగింది. మీది భూమి లోపల జరిగిన వ్యవహారం. పైగా మీది కోనసీమ. ఉప్పు ఎక్కువైందంటే సముద్రపు నీరు చొచ్చుకొచ్చిందంటారు, పక్కనున్న రొయ్యల చెరువులను చూపిస్తారు. ఫ్రాకింగ్ జరిగిందో లేదో మీరు రుజువు చేయాల్సిన పని కూడా లేదు. 'అందరూ అంటున్నారు' అన్న మాటను మాత్రం దరఖాస్తులో రాయకండి, అవతలి వకీలు మొదట పట్టుకునేది దాన్నే.

ఇప్పుడు మీరు పంపిన నీళ్ళ రిపోర్టు చూద్దాం. 2022లో బోరు నీళ్ళను కూల్‌డ్రింక్ బాటిల్లో నింపి, బస్సు పార్సిల్లో విశాఖకు రప్పించి, ల్యాబ్‌లో ఇచ్చారు. రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో ఏముందో చదివారా? 'శాంపిల్ పార్టీ తెచ్చి ఇచ్చినది, మేము సేకరించలేదు' అని. ఆ ఒక్క లైనుతో ఆ కాగితం విలువ దాదాపు పోయింది. ఆ బాటిల్లోవి ఎవరి బోరు నీళ్ళో ఎవరికి తెలుసు? నాలుగేళ్ళు నీళ్ళ టిన్నులు కొన్నారు, ఒక్క రసీదు దాచలేదు. కాంట్రాక్టరు మనిషి వచ్చి 'పంట నష్టం' అంటూ 60 వేలు ఇస్తే, ఏం రాసి ఉందో చదవకుండా అమ్మగారి చేత సంతకం పెట్టించారు, నకలు కూడా అడగలేదు. రేపు అందులో 'ఇక ఏ క్లెయిమూ లేదు' అన్న ముక్క కనిపిస్తే నన్నడిగి లాభం లేదు. ముందు ఆ కాగితం నకలు కోరుతూ రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి.

బ్రోకరు సలహా దగ్గరికి వద్దాం. ఆ మాట మళ్ళీ ఎత్తితే ఇంట్లోకి రానివ్వకండి. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవాడికి తెలిస్తే చెప్పి తీరాలి, దాచడం మోసమే. తెలియదని మీరు తప్పించుకోలేరు, 2022 నాటి రిపోర్టు మీ చేతిలోనే ఉంది. భారతీయ న్యాయ సంహిత 318 కింద చీటింగ్ కేసు కూడా పెట్టవచ్చు. అది పడేది సంతకం చేసిన వాళ్ళ మీద. పాసు పుస్తకం ఎవరి పేరున ఉంది? 78 ఏళ్ళ మీ అమ్మగారి పేరున. బ్రోకరు కమీషన్ తీసుకుని వెళ్ళిపోతాడు.

చేయాల్సింది ఇదీ. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్ మనుషులనే ఊరికి పిలిపించండి. వీఆర్వో, ఇద్దరు ఇరుగుపొరుగు ఎదుట వాళ్ళే నీళ్ళు పట్టి, సీలు వేసి, పంచనామా రాయాలి. మీ బోరు ఒక్కటే కాదు, గ్యాస్ బావికి దగ్గరగా రెండు, దూరంగా రెండు బోర్ల నీళ్ళు కూడా తీయించండి. ఉప్పు శాతంతో ఆగకుండా గ్యాస్ బావి జాడ పట్టిచ్చే బేరియం, స్ట్రాన్షియం, బ్రోమైడ్, బెంజీన్, మీథేన్ చూడమనండి. మీథేన్ లోతు పొరలదా, పైన కుళ్ళిన మట్టిదా అన్నది ఐసోటోప్ పరీక్షలో (అందులోని కార్బన్ రకాలను చూసే పరీక్ష) తేలుతుంది. ఖర్చవుతుంది, తప్పదు.

తవ్వకం ముందు నీళ్ళు బాగుండేవనడానికి మీ దగ్గర కాగితం లేదు. కంపెనీ దగ్గర ఉండవచ్చు. అనుమతి కోసం పర్యావరణ ప్రభావ నివేదిక ఇచ్చి ఉంటే, చుట్టుపక్కల ఊళ్ళ భూగర్భ జలాల అప్పటి లెక్కలు అందులో ఉంటాయి. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద కేంద్ర పర్యావరణ శాఖ నుంచి ఆ నివేదిక, ఏటా జూన్, డిసెంబరుల్లో కంపెనీ ఇవ్వాల్సిన అమలు నివేదికలు అడగండి. జవాబుకు 30 రోజులు. ఈ వారమే పంపండి.

ధర తేడాకు బ్రోకర్ల మాట పనికిరాదు. బావికి ముందూ తర్వాతా మీ ఊళ్ళో జరిగిన అమ్మకాల దస్తావేజుల సర్టిఫైడ్ నకళ్ళు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోండి. చేతిలో 50 పుచ్చుకుని దస్తావేజులో 12 రాయించే మన అలవాటు ఇక్కడ మన మెడకే చుట్టుకుంటుంది. బ్యాంకు లోనుతో కొన్న దస్తావేజులు వెతకండి, వాటిలో అంకెలు కాస్త నిజానికి దగ్గరగా ఉంటాయి.

దరఖాస్తుదారు మీరు కాదు, ఆస్తి యజమానిగా అమ్మగారు. కాబట్టి అన్నిటికంటే ముందు ఆమె అఫిడవిట్ రాయించండి. ఆ దీపావళి ఉదయం ఎన్ని గంటలకు బోరు కొట్టారు, వాసన గురించి మొదట ఎవరితో చెప్పారు, ఆ నీళ్ళు ఎక్కడ పారబోశారు, అన్నీ ఆమె మాటల్లోనే. ఆ రోజు పిలిచి చూపించిన పక్కింటి వాళ్ళది కూడా ఒకటి తీసుకోండి.