కొంగలు ఊరందరివీ, చింతచెట్టు నా ఒక్కడిదీ!

ప్రశ్న: మాది హిందూపురం వైపు, కర్ణాటక సరిహద్దు పల్లె. ఇంటి పక్కన మా తాత నాటిన చింతచెట్లు మూడున్నాయి. సంక్రాంతి దాటిందంటే ఎర్రకాళ్ల కొంగలు వచ్చి వాటి మీద గూళ్లు పెడతాయి. మునుపు కాయ గుత్తకిచ్చేవాళ్లం. ఇప్పుడు దులపబోతే ఊళ్లోవాళ్లు తిడుతున్నారు. వాకిలంతా రెట్ట, కుళ్లిన చేపల కంపు. కట్టెల వ్యాపారి బేరం పెట్టాడు. కొట్టించెయ్యొచ్చా? పంచాయతీలో ఈ చోటును కమ్యూనిటీ రిజర్వ్ (పక్షుల రక్షణకు ప్రకటించే జాగా) చేద్దామంటున్నారు. ఒప్పుకుంటే నా జాగా పోతుందా?

– ఒక రైతు

జవాబు: ఆ కంపు నాకూ తెలుసు. మా అమ్మమ్మ వాకిట్లో ఇలాంటి చెట్టే ఉండేది. మిట్టమధ్యాహ్నం తల్లికొంగ గూటి అంచున నిలబడి, రెక్కలు గొడుగులా విప్పి పిల్లలకు నీడ పట్టేది. ఎంతసేపైనా చూడాలనిపించేది. ఆ పిల్లల నోట్లోంచి జారిన చేప కింద తొట్లో పడితే మాత్రం, అమ్మమ్మ తొట్టెడు నీళ్లూ పారబోసి మళ్లీ బిందెలు మోసేది. పక్షుల గురించి ముచ్చటగా రాసేవాళ్లెవరూ ఈ బిందెల సంగతి రాయరు.

ఇక కొట్టించడం. గూళ్లున్నంత కాలం ఆ ఆలోచనే వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవి పక్షి గుడ్లు పాడుచేసినా, గూడు కదిపినా అది వేట కిందికే వస్తుంది. వ్యాపారి కట్టెలు లారీకెత్తుకుని పోతాడు, కేసు మీకు మిగులుతుంది. కొంగలు వెళ్లిపోయాక కొట్టాలన్నా నీళ్లు, భూమి, చెట్ల రక్షణకు చేసిన వాల్టా చట్టం ఉంది. అనుమతి సంగతి కనుక్కోకుండా గొడ్డలి పెట్టనివ్వకండి.

అయినా మీ అసలు బాధ కొట్టడం గురించి కాదనుకుంటాను. మీకు దగ్గర్లోనే ఉన్న చిలమత్తూరు మండలం వీరాపురంలో ఈ కొంగలు రావడం శుభమని నమ్ముతారు. అక్కడ వాటిని ఇన్నేళ్లు కాపాడింది ఆ నమ్మకమే. (కొందరు వీటిని సైబీరియా కొంగలంటారు. అంత దూరం నుంచేమీ రావు, ఇవి మన దేశపు పక్షులే.) కానీ శుభం ఊరందరికీ, నష్టం చెట్టున్నవాడికీ అయితే ఎన్నాళ్లు సాగుతుంది? చింతకాయ పండే నెలలూ, కొంగలు పిల్లల్ని చేసే నెలలూ ఒకటే. మిమ్మల్ని తిట్టేవాళ్లలో ఎంతమందికి చింతచెట్లున్నాయో ఒకసారి లెక్కపెట్టండి.

ఈ చిక్కును ముందే పట్టించుకున్న ఊరు కర్ణాటకలో ఉంది. మండ్య జిల్లా, మద్దూరు తాలూకా కొక్కరె బెళ్లూరు. కొంగలనూ గూడబాతులనూ పురుటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారక్కడ. 1976లో ఎస్.జి. నెగిన్‌హాళ్ అనే అటవీ అధికారి ఆ ఊరికి వెళ్లి, ప్రేమ ఒక్కటే చాలదని గ్రహించి, కాయ కోయకుండా వదిలేసిన చెట్ల యజమానులకు ప్రభుత్వం నుంచి పరిహారం ఇప్పించే పద్ధతి మొదలుపెట్టాడు. ఇచ్చేది చాలదన్న సణుగుడు అక్కడా ఉంది, అందులో న్యాయమూ ఉంది. రెట్టను మాత్రం వాళ్లు వదలరు. చెట్టు కింద గుంత తీసి, చెరువు మట్టితో కలిపి పొలానికి తోలుకుంటారు.

ఆ ఊరు 2007లో కమ్యూనిటీ రిజర్వ్ అయింది. మీ భయం అక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. యజమాని తనంతట తాను ముందుకొస్తేనే సొంత భూమిని రిజర్వ్‌గా ప్రకటిస్తారు. పట్టా మీ పేరునే ఉంటుంది. సొంత భూమి అయితే కమిటీలో మీరు, అటవీ శాఖ మనిషి, పంచాయతీ మనిషి ఉంటారు. మెలిక ఒకటుంది. ఒకసారి ప్రకటించాక ఆ భూమి వాడకం మార్చాలంటే కమిటీ తీర్మానం చేయాలి, రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోవాలి. రేపు మీ అబ్బాయి అక్కడ ఇల్లు కట్టుకోవాలనుకుంటే? అందుకే చెట్లున్న మేర కొలిపించి, అంతవరకే రాయించండి. పక్కన ఖాళీ జాగా ఉంటే అందులో కలవనివ్వకండి.

రిజర్వ్ అయినంత మాత్రాన డబ్బు దానంతటది రాదు. అడగాలి, అదీ ఒక్కరే అడిగితే లాభం లేదు. మీ ఊళ్లో గూళ్లున్న చెట్ల యజమానులంతా కలిసి గ్రామసభలో తీర్మానం పెట్టించి, జిల్లా అటవీ అధికారికి అర్జీ ఇవ్వండి. మునుపు ఏ చెట్టు గుత్తకు ఎంత పలికిందో రాసి, గుత్తదారు సంతకంతో జతపరచండి. మా పొలం గట్టు మీది చెట్ల విషయంలో ఒక ఆఫీసుకు ఉత్త నోటిమాటతో నాలుగుసార్లు తిరిగి, టీ తాగి వచ్చాను. ఐదోసారి కాగితం పట్టుకెళితే కుర్చీ చూపించారు.

తొట్టి మాత్రం సంక్రాంతి లోపే చెట్టు కింద నుంచి జరపండి.