79 ఏళ్ల వయసులో మా అమ్మకి టావీ చేయించాం, అదీ ఆలస్యంగానే

మీ నాన్నగారికి 78 ఏళ్లు, గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే చోట ఉండే అయోర్టిక్ వాల్వు దారి బాగా సన్నబడింది, ఛాతీ కోయకుండా తొడ దగ్గర రక్తనాళం నుంచి కొత్త వాల్వు వేస్తామంటున్నారు (దాన్నే టావీ అంటారు), ఈ వయసులో అవసరమా అని కదా అడిగారు. వయసు చూసి మాత్రం ఆగకండి. మేం అలా ఏడాది పోగొట్టుకున్నాం.

అమ్మ రోజూ మేడ మీద బట్టలు ఆరేసేది. ముందు బకెట్ నన్ను తెచ్చిపెట్టమంది. తర్వాత మెట్ల మధ్యలో కూర్చోవడం మొదలుపెట్టింది. అడిగితే "మోకాళ్లురా" అనేది. చివరికి తాడు కిందే కట్టించుకుంది. కట్టింది నేనే. కడుతున్నప్పుడు కూడా నాకు అనుమానం రాలేదు. మేం చూపించిన డాక్టరేమో ఏడాది పాటు గ్యాస్‌కీ బలానికీ మాత్రలు రాశారు, గుండె మీద స్టెతస్కోపు పెట్టిన గుర్తే లేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. వాల్వు ఇలా సన్నబడితే గుండె చప్పుడులోనే తేడా వినిపిస్తుంది కదా!

ఒకరోజు ఆ తాడు దగ్గరే, తడి చీర చేతిలో ఉండగానే కళ్లు తిరిగి పడిపోయింది. ఎకో తీస్తే, మూడు నాలుగు చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాల్సిన వాల్వు 0.6 దగ్గర ఉంది. ఒకటి కంటే తగ్గితేనే తీవ్రమైనదంటారు.

బంధువుల్లో ఒకాయన "బెలూన్ వేయిస్తే సరిపోతుంది, మా చెల్లెలికి అలాగే చేశారు" అన్నారు. ఆవిడది మైట్రల్ వాల్వు, అంటే గుండె లోపల ఎడమవైపు గదుల మధ్య ఉండేది, చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్ల అతుక్కుపోయింది. దానికి బెలూన్ చక్కగా పనిచేస్తుంది. పెద్దవయసులో కాల్షియం పేరుకుని గట్టిపడిన అయోర్టిక్ వాల్వు మాత్రం బెలూన్‌తో తెరిచినా కొన్ని నెలల్లో మళ్లీ బిగుసుకుంటుంది. ఫ్రాన్స్‌లో అలాన్ క్రిబియే 1985లో ఈ బెలూన్ పద్ధతే చేశారు. అది నిలవడం లేదని చూశాకే వాల్వునే లోపలికి పంపాలన్న పట్టుదలతో 2002లో మొదటి మనిషికి పెట్టారు. సలహా ఇచ్చేవాళ్లు ముందు ఏ వాల్వో కనుక్కుంటే బాగుంటుంది.

అమ్మకి పూర్తి మత్తు ఇవ్వలేదు. లోపలికి పంపిన కొత్త వాల్వు విచ్చుకునే ఆ కొన్ని సెకన్లు గుండెని నిమిషానికి 180 సార్లు కొట్టుకునేలా చేస్తారు. అప్పుడు రక్తం తోసే బలం తగ్గి, వాల్వు జారకుండా కూర్చుంటుంది. "గుండెల్లో ఎవరో గబగబా తలుపు కొట్టి ఊరుకున్నట్టయిందిరా" అని తర్వాత చెప్పింది. సాయంత్రం నన్ను లోపలికి పంపేసరికి కాలు వంచకూడదని వెల్లకిలా పడుకోబెట్టారు. అమ్మ నర్సుతో అంటోంది: "మా వాడు పొద్దున్నుంచి ఏమీ తినలేదు, ముందు వాడిని వెళ్లి తినిరమ్మని చెప్పమ్మా." మధ్యలో ఎక్కడా ఊపిరి కోసం ఆగలేదు. ఏడాదిగా అంత మాట ఒక్క బిగిన అనడం నేను వినలేదు.

అంతా సాఫీగా జరగలేదు. రెండో రోజు రాత్రి పల్స్ 38కి పడిపోయి పేస్‌మేకర్ పెట్టాల్సొచ్చింది. గుండెకి కరెంటు మోసే కట్ట సరిగ్గా ఆ వాల్వు పక్క నుంచే పోతుంది, కొత్తది దాన్ని నొక్కితే ఇలా అవుతుంది. డాక్టర్లకిది తెలిసిన ప్రమాదమే. మాకు మాత్రం "కోత లేదు, కుట్టు లేదు" అని పదిసార్లు చెప్పి, పేస్‌మేకర్ సంగతీ పక్షవాతం సంగతీ ముందురోజు రాత్రి పదింటికి సంతకాల కాగితంలో చూపించారు. పెద్దవాళ్ల గుండె విషయంలో ఇలా చేయడం తప్పు. మీరు ఇప్పుడే అడగండి. సీటీ స్కాన్‌లో కాలి రక్తనాళం కొత్త వాల్వుని పంపే గొట్టం పట్టేంత వెడల్పు ఉందా, పేస్‌మేకర్ అవసరం ఎంతవరకు పడొచ్చు, రక్తనాళాలు స్కాన్‌లో కనబడడానికి ఎక్కించే డైని కిడ్నీలు తట్టుకుంటాయా అని.

వయసు సంగతంటారా, ఛాతీ తెరిచే ఆపరేషన్‌కి పనికిరారన్న వాళ్ల మీదే టావీని పరీక్షించిన పార్ట్‌నర్ అనే ట్రయల్ ఫలితాలు 2010లో వచ్చాయి. సగటు వయసు 83. టావీ లేకుండా ఉంచినవాళ్లలో ఏడాదిలో సగం మంది పోయారు, టావీ చేసినవాళ్లలో 31 శాతం.

ఈ రెండేళ్లలో ఏయే పనులు మానేశారో మీ నాన్నగారిని అడిగి చూడండి. "ఏమీ లేదు" అంటారు. అదే మీ అమ్మగారిని అడగండి, ఒక్కొక్కటీ చెబుతారు.