ఫోను మారితే సరిపోదు, వేలిముద్ర మిషను కూడా ఒప్పుకోవాలి

గుంటూరు నుంచి ఒక ఉద్యోగి అడిగిన ప్రశ్న ఇది: "మా శాఖలో ఇన్నాళ్లూ వాడిన ఫోన్లు వెనక్కి తీసుకుని వేరే కంపెనీవి ఇస్తామంటున్నారు. పాతవి బాగానే పని చేస్తున్నాయి కదా, ఎందుకు మారుస్తారు? అమెరికాలో బ్లాక్‌బెర్రీలు తీసేసి ఐఫోన్లు ఇచ్చారని చదివాను. ఇక్కడా అలాంటి భద్రత గొడవేనా? మారేటప్పుడు మేం ఏం చూసుకోవాలి?"

నేను విజయవాడలో ఒక ప్రభుత్వ ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ మీద సిస్టమ్స్ పని చూస్తాను. సిస్టమ్స్ అని పేరే గానీ ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, ఏసీ రిమోట్ కనబడకపోయినా నన్నే పిలుస్తారు. ఆ లెక్కలోనే మా ఫీల్డ్ స్టాఫ్ దగ్గరున్న 186 ఫోన్లు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చే పని నా నెత్తిన పడింది. ఏ ఆఫీసు, ఏ కంపెనీలు అని మాత్రం అడక్కండి. రేపు మళ్లీ ఆ గేటులోంచే లోపలికి వెళ్లాలి.

పాతవి బాగానే ఉన్నాయన్నారు. మీ ఫోను బాగుండి ఉంటుంది. మా పాత ఫోన్లు 2 జీబీ ర్యామ్‌వి, ఒక్క సర్వే యాప్ కోసం కొన్నవి. ఆ తర్వాత హాజరు యాప్ వచ్చింది, పెన్షన్ యాప్ వచ్చింది, ఫిర్యాదుల యాప్ వచ్చింది. వాట్సాప్ గ్రూపుల్లో పడే ఫొటోల సంగతి చెప్పక్కర్లేదు. చివరికి మావాళ్లు పొద్దున ఒక యాప్ తీసేసి ఇంకోటి వేసుకోవడం, సాయంత్రం దాన్ని తీసి మళ్లీ మొదటిది వేసుకోవడం. అది కూడా ఎలాగో సర్దుకున్నారు. సర్దుకోలేనిది ఏమిటంటే, కంపెనీ ఆ మోడల్‌కి అప్‌డేట్లు ఆపేసింది. సెక్యూరిటీ ప్యాచ్ ఎప్పుడో ఆగిపోయిన ఫోనులో జనం ఆధార్ వివరాలు తిరుగుతుంటే పై అధికారికి టెన్షన్ ఉంటుంది, ఉండాలి కూడా. దానికి తోడు 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మావాళ్లు నష్టం వివరాలు రాయడానికి ఇంటింటికీ తిరిగారు. అప్పటికే బ్యాటరీ ఉబ్బినవి కొన్ని, ఆ తిరుగుడులో తడిసినవి కొన్ని, మొత్తం ఇరవై దాకా మూలపడ్డాయి. పోనీ అవే కొందామంటే ఆ మోడల్ తయారీయే లేదు.

ఇక టెండరే దారి. ర్యామ్ ఇంత ఉండాలి, బ్యాటరీ ఇంత ఉండాలి, ఇన్నేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి అని రాస్తారు గానీ ఫలానా కంపెనీయే కావాలని రాయకూడదు. అన్నీ కుదిరినవాళ్లలో తక్కువ రేటు వేసినవాడు ఎల్-1. పోయినసారి ఎల్-1 ఇచ్చింది ఒక కంపెనీ ఫోను, ఈసారి ఎల్-1 ఇచ్చింది ఇంకో కంపెనీ ఫోను. ఎవరో గదిలో కూర్చుని ఆ కంపెనీ వద్దు, ఈ కంపెనీ ముద్దు అనుకుని చేసింది కాదు. భద్రత అనే మాట టెండర్ కాగితాల్లో అసలు లేదని కాదు. మనతో భూ సరిహద్దు ఉన్న దేశాల కంపెనీలు ప్రభుత్వ టెండర్లో పాల్గొనాలంటే ముందు రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని కేంద్రం 2020 జూలైలో రూల్ పెట్టింది. దానికి సంబంధించిన డిక్లరేషన్ కాగితం మా ఫైల్లో కూడా ఉంది. అంతకు మించి మా దగ్గర ఎవరూ భద్రత గురించి చర్చించినట్టు నేను వినలేదు.

ఎల్-1 అంటే గుర్తొచ్చింది. మా ఆఫీసులో ఆ మాటకి రెండు అర్థాలు. టెండర్లో అయితే తక్కువ రేటు. వేలిముద్ర మిషన్లలో అయితే ఆధార్ సంస్థ పెట్టిన భద్రత స్థాయి. పాత ఎల్-0 మిషన్లలో వేలిముద్రకి తాళం వేసే పని, అంటే బయటివాళ్లు చదవలేని కోడ్‌గా మార్చే పని, ఫోనులోని సాఫ్ట్‌వేర్ చేసేది. ఎల్-1లో ఆ పని మిషను లోపలే అయిపోతుంది, మధ్యలో ఎవరూ వేలు పెట్టడానికి ఉండదు. ఒక మీటింగులో సూపరింటెండెంట్ గారు "మిషన్లన్నీ ఎల్-1 అయి ఉండాలి" అంటే అకౌంట్స్ ఆయన "ఇంకా టెండరే పిలవలేదు, ఎల్-1 ఎవరో ఇప్పుడే ఎలా తెలుస్తుంది సార్" అన్నారు. నవ్వాలో వద్దో తెలియక అందరం టీ తాగాం.

బ్లాక్‌బెర్రీ సంగతి. మీరు చదివింది నిజమే గానీ, దాన్ని భద్రత కథ అనుకుంటే కథ తిరగబడుతుంది. అమెరికా ఆఫీసులు బ్లాక్‌బెర్రీని పట్టుకుని కూర్చున్నదే భద్రత కోసం. మెయిల్ మొత్తం ఆఫీసులో పెట్టుకున్న బ్లాక్‌బెర్రీ సర్వర్ మీదుగా తాళం పడి వెళ్లేది, ఫోను పోతే ఆఫీసులో కూర్చునే అందులో ఉన్నదంతా తుడిచేయవచ్చు. ఒబామా 2009లో అధ్యక్షుడయ్యాక కూడా బ్లాక్‌బెర్రీ వదలనని పట్టుబట్టాడు. మన దేశంలో అయితే గొడవ రెండో వైపు నుంచి వచ్చింది. 2010లో మన ప్రభుత్వం, ఆ మెసేజ్‌లు మా నిఘా సంస్థలు చూడలేకపోతున్నాయి, ఆగస్టు 31 లోపు దారి చూపించకపోతే సర్వీసు ఆపేస్తామని గడువు పెట్టింది. తాళం మరీ గట్టిగా ఉందన్నదే ఫిర్యాదు.

అలాంటి ఫోనుని వాళ్లు ఎందుకు వదిలారంటే, పని మెయిల్ దాటి యాప్‌ల మీదికి వెళ్లిపోయింది. 2012 అక్టోబరులో అమెరికా ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ విభాగం 17 వేల పైచిలుకు ఉద్యోగులకు బ్లాక్‌బెర్రీలు తీసేసి ఐఫోన్లు ఇస్తామంది. ఖర్చు 21 లక్షల డాలర్లు. తమ అవసరాలకు ఆ ఫోన్లు ఇక సరిపోవడం లేదన్నదే వాళ్లు చెప్పిన కారణం. 2013లో వాళ్ల రక్షణ శాఖ శాంసంగ్, ఆపిల్ ఫోన్లకు కూడా తలుపు తెరిచింది. 2016లో బ్లాక్‌బెర్రీ సొంతంగా ఫోన్లు తయారు చేయడమే మానేసింది. పాత ఫోన్ల సర్వీసులు 2022 జనవరి 4న ఆగిపోయాయి. చైనాలో 2023లో ప్రభుత్వ ఉద్యోగులు ఆఫీసుకు ఐఫోన్ తేవద్దన్నారని వార్తలు వచ్చాయి, అలాంటి చట్టమేదీ తేలేదని వాళ్ల విదేశాంగ శాఖ చెప్పింది. అది పెద్దవాళ్ల రాజకీయం. మీ గుంటూరు ఆఫీసుకీ దానికీ సంబంధం ఉండే అవకాశం చాలా తక్కువ.

ఇప్పుడు అసలు విషయం. ఫోను మారడం పది నిమిషాల పని. ఫోనుకి తగిలించుకున్నవి మారడమే నెల పడుతుంది.

కొత్త ఫోన్లు ఇచ్చాక వచ్చిన మొదటి ఒకటో తారీఖున మావాళ్లు కొందరికి పెన్షన్ డ్యూటీ పడింది. కృష్ణలంకలో రాణిగారితోట సందులు. పొద్దున్నే ఆరున్నరకి ఫోన్: "థంబ్ పడట్లేదండీ." బండేసుకుని వెళ్లాను. అరుగు మీద ఒక మామ్మగారు కూర్చుని ఉన్నారు, ముందే చెయ్యి కడుక్కుని కొంగుకి తుడుచుకుంటున్నారు. మిషన్‌లో లైటే వెలగడం లేదు. మా స్టాఫ్ అమ్మాయి కేబుల్ తీసి పెడుతోంది, తీసి పెడుతోంది. మామ్మగారు ఒక్కో వేలూ మార్చి చూపించి, "ఏం నాయనా, నా వేళ్లు అరిగిపోయాయా, మీ మిషను అరిగిపోయిందా?" అన్నారు. పోయిన నెల పాత ఫోనుతో ఇదే మిషను మీద ఒక్కసారికే పడిందట.

మిషను బాగానే ఉంది, వేళ్లూ బాగానే ఉన్నాయి. ఆ కొత్త ఫోన్లలో ఓటీజీ అనే సెట్టింగ్ ఉంది, అది ఆన్‌లో ఉంటేనే కేబుల్‌తో పెట్టిన మిషన్‌కి కరెంటు వెళ్తుంది. పాత కంపెనీ ఫోనులో అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉండేది, అందుకే అలాంటిది ఒకటి ఉందనే మాకు తెలియదు. కొత్త దాంట్లో మనం ఆన్ చేసినా, పది నిమిషాలు ఏమీ పెట్టకపోతే బ్యాటరీ ఆదా అని దానంతట అదే ఆఫ్ అయిపోతుంది. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడిచి, పలకరించి, కార్డు వెతికించేసరికి పది నిమిషాలు ఇట్టే అయిపోతాయి. ఆన్ చేయగానే మిషన్‌లో ఎర్ర లైటు వెలిగింది. మామ్మగారి 4,000 రూపాయలు చేతిలో పడ్డాయి. "ఇదేదో ముందే నొక్కొచ్చుగా" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు మధ్యాహ్నం దాకా గ్రూపులో నేను పెట్టిన మెసేజ్ ఒక్కటే: "ప్రతి ఇంటి దగ్గర ముందు ఓటీజీ ఆన్ చేయండి."

కాబట్టి మీవాళ్లకి నా మొదటి మాట. ఫోన్లు పంచే ముందు ఒక్క ఫోను తీసుకుని, మీ దగ్గరున్న ప్రతి రకం మిషన్‌తో, ఆ మిషన్‌ని ఫోనుతో కలిపే ఆర్‌డి సర్వీస్ యాప్ వేసి, ఒక రోజంతా బయట తిరిగి చూడమనండి. బల్ల మీద పెట్టి చూస్తే ఇది బయటపడదు. మేం బల్ల మీదే చూశాం. కేబుల్ పిన్ను కూడా చూసుకోండి, మా పాత కేబుళ్లు సగం కొత్త ఫోన్లకు పట్టలేదు.

ఇదే జాతి ఇంకొకటి, హాజరు యాప్. కొత్త ఫోను బ్యాటరీ కోసం వెనకాల నడిచే యాప్‌లను చంపేస్తుంది, లొకేషన్ అందదు, మనిషి ఆఫీసులోనే ఉన్నా గైర్హాజరు పడుతుంది. ఆ యాప్‌కి బ్యాటరీ సెట్టింగుల్లో ఆంక్షలు తీసేస్తే సరిపోతుంది.

వాట్సాప్ దగ్గర మీకు కన్నీళ్లు తప్పవు. మా మేడమ్ ఒకరికి 43 గ్రూపులు. ఫొటోలతో సహా నాలుగేళ్ల మెసేజ్‌లు, కోర్టు కేసు కాగితాలు కూడా అందులోనే. బ్యాకప్ ఉందా అంటే ఉందన్నారు. ఏ జీమెయిల్‌లో అంటే "మా అబ్బాయి పెట్టాడండీ." అబ్బాయి బెంగళూరులో చదువుతున్నాడు, క్లాసులో ఫోను ఎత్తడు. వాట్సాప్ బ్యాకప్ తిరిగి రావాలంటే అదే నంబరు, అదే జీమెయిల్ ఉండాలి. మూడు రోజులు ఆవిడ పాత ఫోను ఇవ్వలేదు, చీర మార్చినా బ్యాగు మార్చలేదు, రెండు ఫోన్లూ అందులోనే. చివరికి జీమెయిల్‌తో పని లేకుండా, రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి వాట్సాప్‌లోనే చాట్ ట్రాన్స్‌ఫర్ అని ఉంటుంది చూడండి, క్యూఆర్ స్కాన్ చేసేది, దాంతో లాగాం. గంటన్నర పట్టింది. అది చేయాలంటే పాత ఫోను పని చేస్తూ ఉండాలి, అందుకే కొత్తది చేతికొచ్చిన రోజే చేసేయండి. పాత ఫోను స్టోరుకి వెళ్లాక నన్ను అడిగినా లాభం లేదు.

ఇక పాత ఫోను తిరిగి ఇచ్చేటప్పుడు. ముందు మీ జీమెయిల్ ఖాతాని సెట్టింగ్స్‌లోకి వెళ్లి తీసేయండి, తర్వాతే రీసెట్ కొట్టండి. ఇచ్చాక ఐఎంఈఐ నంబరుతో (ఒక్కో ఫోనుకి ఒక్కోటి ఉండే గుర్తింపు నంబరు) రసీదు తీసుకోండి, ఛార్జరు ఇచ్చారా లేదా అన్నది కూడా అందులో రాయించండి. ఆడిట్ వాళ్లు ఫోను కంటే ఛార్జర్ గురించే ఎక్కువ అడుగుతారు.

జీమెయిల్ ఎందుకు తీసేయమంటున్నానంటే, మా దగ్గర 11 ఫోన్లు తాళం పడి కూర్చున్నాయి. ప్యాటర్న్ మర్చిపోయినవాళ్లు, బదిలీ హడావిడిలో ఉన్నవాళ్లు, పవర్ బటన్, వాల్యూమ్ బటన్ కలిపి నొక్కి రీసెట్ చేసి ఇచ్చేశారు. అలా చేస్తే ఫోను దొంగ చేతిలో పడిందేమో అనుకుంటుంది, పాత జీమెయిల్, పాస్‌వర్డ్ చెబితే గానీ తెరుచుకోదు. దొంగతనం ఆపడానికి పెట్టిన ఏర్పాటే, మంచిదే. గవర్నర్‌పేటలో ఒక షాపతను ఒక్కో ఫోనుకి 300 ఇస్తే తీసేస్తానన్నాడు. ప్రభుత్వ సొత్తు, లోపల ఏమేం ఉందో తెలియదు, వద్దన్నాను. పాతవన్నీ ఈ-వేస్ట్ రూల్స్ ప్రకారం రిజిస్టర్డ్ రీసైక్లర్‌కే ఇవ్వాలి, లోపల డేటా తుడిచామని రాసి ఇవ్వకుండా మా సార్ సంతకం పెట్టరు.

ఫోన్ల మీద ఫోన్లు చేసి, ఇద్దరిని బందరు నుంచి రప్పించి, తొమ్మిది తెరిచాం. మిగిలిన రెండూ రిటైరైన ఒకాయనవే, పాతదీ, దాని బదులు ఇచ్చినదీ. ఆయన ఇప్పుడు అమెరికాలో కూతురి దగ్గర ఉంటున్నారు. పాస్‌వర్డ్ గుర్తు లేదు, కొత్తది పెట్టుకోవాలంటే కోడ్ ఆయన ఫోనుకే వెళ్తుంది, అది కాసేపే పని చేస్తుంది. ఆయన నిద్ర లేచి మెసేజ్ చూసుకునేసరికి ఇక్కడ మా ఆఫీసుకు తాళం పడుతుంది.