సంఘం డబ్బు వాడుకున్నవాడికి మళ్ళీ సేవలో చోటుంటుందా?

మిర్యాలగూడ సోదరుడి ప్రశ్న ఇది: "చందా డబ్బు సొంతానికి వాడుకున్నాను. దేవుడు క్షమించినా, ఇక సేవకు పనికివస్తానా?"

యోహాను సువార్త 18, 21 అధ్యాయాలు కలిపి చదవండి. ప్రధానయాజకుని ముంగిట బొగ్గుల మంట దగ్గర చలి కాచుకున్న ఆ రాత్రే శిష్యుడు పేతురు యేసును ఎరగనని మూడుసార్లు బొంకాడు. పునరుత్థానం తర్వాత తిబెరియ సరస్సు ఒడ్డున యేసు అతన్ని పిలిచింది కూడా బొగ్గుల మంట దగ్గరికే. గ్రీకు మూలంలో ఆ మాట కొత్త నిబంధన మొత్తంలో ఈ రెండు చోట్లే ఉంది. నాగార్జునసాగర్ ఒడ్డున చేపలు కాల్చే పొగ ముక్కుకు తగిలితే నాకు ఆ తెల్లవారుజామే గుర్తుకు వస్తుంది. ఆ వాసనకు పేతురు గుండె ఎంత జారి ఉంటుందో! యేసు మాత్రం ముందు రొట్టె, చేపలు పెట్టాడు. తిన్నాకే "నన్ను ప్రేమిస్తున్నావా?" అని మూడుసార్లు అడిగాడు. మూడోసారి పేతురు నొచ్చుకున్నాడు కూడా. అయినా ప్రతి జవాబుకూ ఒక పని అప్పగించాడు, తన గొర్రెలను మేపమని.

డబ్బు సంగతి వేరు. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని యేసుతో అన్నాడు. మీరు కనీసం అసలైనా పెద్దల ముందు లెక్క చెప్పి, వాయిదాల్లోనైనా కట్టండి. చందా పుస్తకం మాత్రం ఇప్పుడే అడగకండి. ఆదివారం పొద్దున చాపలు పరిచేవాళ్ళు ఏ సంఘంలోనైనా తక్కువే.