పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు మ్యాక్‌బుక్‌లో వస్తాయా?

ప్రశ్న: మాది చిన్న ప్రింటింగ్ ప్రెస్. ఏళ్లుగా పేజ్‌మేకర్ 7లో అనూ ఫాంట్లతో పెళ్లి కార్డులు, కరపత్రాలు చేస్తున్నాం. మా అబ్బాయి ఎం2 మ్యాక్‌బుక్ కొనిచ్చాడు. అందులో సెటప్ ఫైలు తెరుచుకోవడం లేదు. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, తెనాలి

తెరుచుకోదండీ. ఫైలు సేవ్ చేయాలన్నా, ప్రింట్ ఇవ్వాలన్నా ప్రోగ్రామ్ కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌నే అడగాలి. మీ సెటప్ విండోస్‌ను అడిగేలా రాసింది. ఆ పిలుపులు మ్యాక్‌కు అర్థం కావు. తమాషా ఏంటంటే పేజ్‌మేకర్ 1985లో పుట్టిందే మ్యాక్ మీద! కానీ ఆ పాత మ్యాక్ వెర్షన్ కూడా మీ ఎం2లో నడవదు.

పాత ఇంటెల్ మ్యాక్‌లలో బూట్ క్యాంప్‌తో విండోస్ వేసుకునేవారు. యాపిల్ సొంత చిప్‌లు వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. ఎం2 లాంటి ఈ చిప్‌లు ఆర్మ్ రకానివి. ఇప్పుడు మ్యాక్ లోపలే విండోస్‌ను నడిపే పారలల్స్ అనే ప్రోగ్రామ్‌లో ఆర్మ్ చిప్‌ల కోసం చేసిన విండోస్ 11 వేసుకోవచ్చు. పాత ప్రోగ్రామ్‌లు అందులో చాలావరకు నడుస్తాయి. అయితే మీ సాఫ్ట్‌వేర్‌కు యూఎస్‌బీ లాక్ (గుచ్చితేనే ప్రోగ్రామ్ నడిచే చిన్న పరికరం) ఉంటే చిక్కే. లాక్ డ్రైవర్ ఆర్మ్‌కు చేసింది కాకపోతే పనిచేయదు. ముందు పారలల్స్ ట్రయల్ వేసి చూడండి, డబ్బు తర్వాత కట్టొచ్చు.

అసలు తలనొప్పి ఫాంట్లది. అనూలో టైప్ చేసింది కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. వాటిని తెలుగులా చూపించేది ఫాంటు. అది లేని చోట కార్డు మీద పెళ్లికూతురి పేరు పిచ్చి గీతలైపోతుంది. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి (తెలుగు అక్షరాలను తెలుగుగానే దాచే పద్ధతి) మార్చుకుంటే మ్యాటర్ ఎక్కడైనా తెరుచుకుంటుంది. ఒత్తులు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

నన్నడిగితే పాత విండోస్ సిస్టమ్‌ను అమ్మొద్దు. నెట్ తీసేసి పాత ఫైళ్లకు ఉంచుకోండి. అచ్చుకు ఇచ్చేవి ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైలులోనే కలిపేసిన) పీడీఎఫ్‌గా మార్చి పెట్టండి. కొత్త పనులు మ్యాక్‌లో పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ ప్రోగ్రామ్, యూనికోడ్ ఫాంట్లతో మొదలుపెట్టండి. అక్కడ ఒత్తులు విడిపోతుంటే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో 'వరల్డ్-రెడీ' కంపోజర్ ఎంచుకోండి.

ప్రశ్న: ఉబుంటు (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేశాను. వర్డ్‌లో చేసిన తెలుగు ఫైలు లిబ్రె ఆఫీస్‌లో తెరిస్తే పేజీలు పెరిగిపోతున్నాయి.

గౌతమి లాంటి ఫాంట్లు విండోస్‌వి, ఉబుంటులో ఉండవు. బదులుగా వేరే ఫాంటు పడి లైన్లు జరుగుతున్నాయి. రెండు చోట్లా నోటో సాన్స్ తెలుగు వేసుకుని, ఫైలులో అదే వాడండి.