కౌబాయ్ సినిమాల మీద వాదించబోయే ముందు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

మీ శనివారం సభల సంగతి మీ అమ్మ చెప్పింది. అన్నాలయ్యాక మొదలుపెట్టి, కౌబాయ్ సినిమాల్లో ఏది గొప్ప, రాక్ ఆల్బమ్‌లలో ఏది గొప్ప అని కీచులాడుకుని, చివరికి ఇద్దరు ముగ్గురు అలిగి వెళ్ళిపోతున్నారట. అలగడం సరే, మీ వయసులో కాకపోతే ఇంకెప్పుడు అలుగుతారు! కానీ అంతసేపు అరిచీ ఎవరూ కొత్తగా ఒక్క సినిమా చూడాలనుకోలేదంటే మాత్రం నిద్ర దండగ. ఆ పిచ్చి నాకూ ఉంది గనక అడక్కపోయినా నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు మీరందరూ ఒకే వస్తువు గురించి మాట్లాడుతున్నారో లేదో తేల్చుకోండి. సగం గొడవలు అక్కడే పుడతాయి. బీటిల్స్ వాళ్ళ 'రబ్బర్ సోల్' తీసుకో. 1965 డిసెంబరులో ఇంగ్లండులో వచ్చిన రికార్డు 'డ్రైవ్ మై కార్'తో మొదలవుతుంది. అమెరికాలో కాపిటల్ కంపెనీ వాళ్ళు ఆ పాట తీసేసి, అంతకుముందు ఆల్బమ్‌లోంచి 'ఐవ్ జస్ట్ సీన్ ఎ ఫేస్' తెచ్చి మొదట పెట్టారు. ఒక్క మొదటి పాట మారేసరికి రికార్డు నడకే మారిపోయింది. ఇంగ్లండుది హుషారుగా అడుగేస్తుంది, అమెరికాది గిటార్ పట్టుకుని తీరిగ్గా కూర్చుంటుంది. బీచ్ బాయ్స్ బృందానికి పాటలు కట్టే బ్రయాన్ విల్సన్ విన్నది ఆ అమెరికా రికార్డే. ఒక్క పాట కూడా పొల్లు పోని ఆల్బమ్ తనూ చెయ్యాలని పట్టుబట్టి 1966 మేలో 'పెట్ సౌండ్స్' బయటికి తెచ్చాడు. అది విన్న బీటిల్స్ పాల్ మెకార్ట్నీ ఊరుకోలేదు. మరుసటి ఏడాది బీటిల్స్ 'సార్జంట్ పెప్పర్' వచ్చింది. ఈ వరస తెలియకుండా మూడింటిలో ఏది గొప్పంటే ఏం చెబుతాం?

'పెట్ సౌండ్స్' ఇరుకుగా వినిపిస్తుందని మీవాడెవడో అన్నాడట. ఏది విన్నాడో అడుగు. విల్సన్‌కి కుడి చెవి సరిగా వినపడేది కాదు, ఆ ఆల్బమ్‌ని మోనోలోనే, అంటే శబ్దమంతా ఒకే ధారగా వచ్చేలా చేశాడు. శబ్దాన్ని రెండు స్పీకర్లకీ పంచి కలిపే స్టీరియో మిక్స్ వచ్చింది 1990లలో. అలాగే 'సార్జంట్ పెప్పర్' మోనో మిక్స్ దగ్గర బీటిల్స్ కూర్చుని శ్రద్ధ పెట్టారు, స్టీరియో పని రికార్డింగు సిబ్బంది త్వరగా ముగించారు. సినిమాలకీ ఇదే బాధ. ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనె తీసిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్'ని అమెరికాలో ఇరవై నిమిషాల దాకా కోసేసి ఆడించారు. అది చూసి కథ అర్థం కాలేదన్నవాడి మీద కోప్పడి లాభం లేదు.

ఇక అసలు వాదన ఎలా ఉండాలంటే నాకు హాలీవుడ్డే గుర్తొస్తుంది. 1952లో ఫ్రెడ్ జిన్నెమన్ 'హై నూన్' తీశాడు. మధ్యాహ్నం రైల్లో పగవాడు దిగుతున్నాడు, మార్షల్ గ్యారీ కూపర్ ఊరంతా తిరిగి సాయం అడుగుతాడు, ఒక్కడూ రాడు. అది రాసిన కార్ల్ ఫోర్‌మన్ మీద అప్పుడే కమ్యూనిస్టన్న అనుమానంతో విచారణ నడుస్తోంది, ఆయన్ని బ్లాక్‌లిస్టులో పెట్టారు, అంటే హాలీవుడ్‌లో పని ఇవ్వకుండా వెలివేశారు. ఊరు మొహం చాటేయడమంటే ఏమిటో ఆయనకి బాగా తెలుసు. ఆ సినిమా దర్శకుడు హోవార్డ్ హాక్స్‌కీ, కౌబాయ్ హీరో జాన్ వేన్‌కీ అస్సలు నచ్చలేదు. పని తెలిసిన మార్షల్ ఇంటింటికీ పోయి బతిమాలతాడా అని హాక్స్ అభ్యంతరం. అందుకని ఇద్దరూ కలిసి 1959లో 'రియో బ్రావో' తీశారు. ఇందులో షెరీఫ్ సాయం వద్దంటాడు. అయినా ఒక తాగుబోతు, ఒక కుంటి ముసలాడు, ఒక కుర్రాడు, ఒక పేకాట మనిషి, అదీ ఆడమనిషి, వాడి వెనక నిలబడతారు.

చాలామంది ఈ కథ ఇక్కడికి చెప్పి ఆపేస్తారు. నువ్వు ఇంకొంచెం లోపలికి వెళ్ళు. 'హై నూన్' గంటన్నర కూడా ఉండదు, కథలో గడిచే కాలమూ సుమారు అంతే. గోడ గడియారాలు చూపించి చూపించి మన ప్రాణం తీస్తాడు. 'రియో బ్రావో' రెండు గంటల ఇరవై నిమిషాలు. బయట చంపడానికి మనుషులు కాచుకుని ఉంటే, జైల్లో డీన్ మార్టిన్, రికీ నెల్సన్ తీరుబడిగా పాట పాడుకుంటారు. ఒకాయన దగ్గర నిమిషం మిగల్లేదు, ఇంకొకాయనకి కావలసినంత కాలం ఉంది. నా లెక్కలో ఇద్దరి అసలు తగువు ధైర్యం గురించి కాదు, ఇదీ. పైగా రెండింటికీ సంగీతం దిమిత్రి తియోమ్కిన్‌దే! ఈ ముక్క అక్కడ వెయ్యి, రాత్రంతా మాట్లాడుకుంటారు. ఇంకో తమాషా: కూపర్‌కి 'హై నూన్'కి వచ్చిన ఆస్కార్‌ని ఆయన తరఫున వేదికెక్కి అందుకున్నది జాన్ వేనే.

"అది కాపీ" అని ఎవడైనా తీర్పిచ్చేస్తే తొందరపడి ఒప్పుకోకు, కాదనీ అనకు. సెర్జియో లియోనె 1964లో తీసిన 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' జపాన్ దర్శకుడు కురొసావా 'యోజింబో' కథే. అనుమతి అడగలేదు, కేసు పడింది, డబ్బు కట్టాల్సొచ్చింది. ఆ కురొసావా మళ్ళీ కౌబాయ్ సినిమాల అమెరికా దర్శకుడు జాన్ ఫోర్డ్‌కి వీరాభిమాని. మన కృష్ణగారి 'మోసగాళ్ళకు మోసగాడు' 1971లో లియోనె దారి పట్టుకునే వచ్చింది. రాక్‌లోనూ అంతే, లెడ్ జెప్పెలిన్ 'హోల్ లాటా లవ్'లో విల్లీ డిక్సన్ మాటలున్నాయని గొడవై, చివరికి ఆయన పేరు వెయ్యాల్సి వచ్చింది. దొంగతనాన్ని దొంగతనమనే చెప్పు. చెప్పాక, తెచ్చుకున్నదాన్ని ఏం చేశాడో చూడు. లియోనె మొహాలని తెర నిండా పరిచాడు, ఆయన సంగీత దర్శకుడు మోరికోనె ఈలనీ కొరడా దెబ్బనీ పాటలో కలిపాడు. అవి కురొసావా దగ్గర లేవు.

నీకు ప్రాణమైన సినిమాలో లోపం ఉంటే ముందు నువ్వే చెప్పెయ్. జాన్ ఫోర్డ్ తీసిన 'ద సెర్చర్స్' పక్షం నువ్వేనట, సంతోషం. టెక్సస్ కథని ఎక్కడో దూరాన ఉన్న మాన్యుమెంట్ వ్యాలీలో తీశారు. కొమాంచీ తెగవాళ్ళుగా కనిపించేది నావహో తెగవాళ్ళు. వాళ్ళ నాయకుడు స్కార్ వేషం బెర్లిన్‌లో పుట్టిన హెన్రీ బ్రాండన్‌ది. ఇవన్నీ ఎదుటివాడు బయటపెట్టి నిన్ను ఇరికించకముందే నువ్వు పెట్టు. అప్పుడు గట్టి ప్రశ్నకి చోటుంటుంది: కొమాంచీలంటే హీరో ఈథన్‌కి ఉన్న ద్వేషాన్ని ఫోర్డ్ చూపిస్తున్నాడా, పంచుకుంటున్నాడా? నేను మొదటిదంటాను, కానీ 'లుక్' అనే కొమాంచీ స్త్రీ ఘట్టం వచ్చినప్పుడు నా నోరు పెగలదు. ఆమెని నవ్వులపాలు చేసింది ఈథన్ ఒక్కడే కాదు, సినిమా కూడా.

జాబితాలు విసరకు. 'రోలింగ్ స్టోన్' పత్రిక 2003లో 'సార్జంట్ పెప్పర్'ని మొదట పెట్టింది, 2020లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్'ని పెట్టింది. అమ్మకాల లెక్కలూ అంతే. పింక్ ఫ్లాయిడ్ బృందం 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' బిల్‌బోర్డ్ చార్టులో 1988 దాకా 741 వారాలుంది. ఆశ్చర్యపోదాం, అంతే. దానికంటే మొదటి వైపు ఎక్కడ ఆగి, రెండో వైపు 'మనీ' నాణేల చప్పుడుతో ఎందుకు మొదలైందో మాట్లాడు. రికార్డు తిప్పడానికి లేచినవాడిని ఆ చప్పుడు ఏం చేస్తుందో ఫోన్లో వినేవాడికి నువ్వే చెప్పాలి.

సినిమానీ ఆల్బమ్‌నీ ఒకే త్రాసులో వెయ్యొద్దు, ఆవకాయ గొప్పా సన్నాయి గొప్పా అన్నట్టుంటుంది. "నువ్వసలు చూశావా?" అని అడిగి ఎవరినీ చిన్నబుచ్చకు. చూడలేదంటే పది నిమిషాలు వేసి చూపించు. 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్'లో లియోనె రైల్వే స్టేషన్ సన్నివేశం చాలు, మాటల్లేవు, గాలిమర కిర్రుమంటుంది, ఈగ ముసురుతుంది, టోపీ మీద నీటి చుక్క పడుతుంది. వచ్చే శనివారం ఇంకో పని చెయ్యి. 'రియో బ్రావో' ఇష్టపడేవాడిచేత 'హై నూన్' పక్షాన మాట్లాడించు, నువ్వు 'ద సెర్చర్స్'కి ఎదురుగా మాట్లాడు. పెద్దగా గెలవవు, కానీ మీవాళ్ళు అలగడానికి సందుండదు.

నా మాటగా ఒకటి వాళ్ళ మధ్య పడెయ్: 'పెట్ సౌండ్స్' ముందు 'సార్జంట్ పెప్పర్' హంగామా ఎక్కువ, పాటలు తక్కువ. ఎవడెవడు ఏమన్నాడో, ఏ మిక్స్ విని అన్నాడో రాయి.

మీ మావయ్య