ఆ తండ్రి ఎందుకు వద్దన్నాడు?

పర్లాకిమిడి

అమ్మా, ఆశీస్సులు.

నీ కథ అందింది. మన ఒడిశా గుణుపురంలో కిరాణా కొట్టు పెట్టుకున్న తండ్రి, విశాఖలో పీజీ సీటొచ్చిన కూతురు. ఆయన వద్దంటాడు, ఆ పిల్ల రైలెక్కేస్తుంది. నడక బాగుంది, ఎక్కడా బోరు కొట్టలేదు. కానీ చదవడం పూర్తయ్యాక నాకు ఆ తండ్రి మీద కోపమూ రాలేదు, జాలీ కలగలేదు. "సంఘటనలో బలముంటే చాలదా మాస్టారూ, పాత్రచిత్రణ అంటూ పేజీలు ఖర్చు పెట్టడం దేనికి?" అని అడిగావు కదా, అందుకే ఈ ఉత్తరం.

కూతుర్ని పంపనన్న తండ్రులు మా ఊళ్లో ఉన్నారు, బరంపురంలో ఉన్నారు, జయపురంలోనూ ఉన్నారు. సంఘటన అందరిదీ. డబ్బుకి కటకటై వద్దన్నవాడు వేరు, నలుగురూ నాలుగు మాటలంటారని జడిసినవాడు వేరు. మీ కొట్టు ఆసామి వీళ్లలో ఎవరు? అది తెలియనంతవరకూ ఆయన వద్దంటే నాకేం, సరేనంటే నాకేం?

నువ్వు రాసింది చూడు: "ఆయనకు యాభై ఏళ్లుంటాయి. చామనఛాయ. మంచివాడే గాని మొండివాడు." మొదటి రెండు ముక్కలతో కథకి పనిలేదు. మూడోది నీ తీర్పు. తీర్పు ముందే వచ్చేస్తే చదివేవాడు ఇంక తేల్చుకోవడానికేం ఉంటుంది?

ఆయన్ని ఓ సంతరోజు కొట్లో కూర్చోబెట్టు. కొండ మీంచి సవర గిరిజనులు చింతపండు, పసుపు తెస్తారు. వాళ్లతో వాళ్ల సవర భాషలోనే బేరమాడి నవ్విస్తాడు, నవ్విస్తూనే తూకంలో కాస్త కొట్టేస్తాడు. ఇంతలో రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ బాబు వస్తే లేచి నిలబడి "ఆగ్యా, ఆగ్యా" అంటూ ఒడియా అందుకుంటాడు. పాత బాకీ మాట నోట రాదు. ఆ బాబు అటు వెళ్లగానే లోపలికి తిరిగి "టీ ఏటయింది?" అని పెళ్లాం మీద విరుచుకుపడతాడు. మంచివాడని, మొండివాడని నువ్వు ఒక్కసారైనా చెప్పావా?

ఇంకొంచెం లోపలికి పోదాం. మన పక్క చాలామంది పెద్దవాళ్లలాగే ఈయనా ఒడియా గడగడా మాట్లాడతాడు, చదవడం మాత్రం రాదు. ఆఫీసు నుంచి కాగితం వస్తే తీరిగ్గా చూస్తానన్నట్టు మడిచి గల్లాపెట్టెలో పడేస్తాడు. సాయంత్రం కూతురు కాలేజీ నుంచి వచ్చి, ఎవరూ లేకుండా చూసి చదివి పెడుతుంది. ఒడియా మీడియంలో చదివిన పిల్ల కదా. ఇప్పుడు చెప్పు, ఆయన వద్దన్నది దేనికి? ఆ సంగతి ఆయన ప్రాణం పోయినా బయటపెట్టడు. "ఆడపిల్లకి అంత దూరం సదువేటి" అని దబాయిస్తాడు. పైకి అనేది ఒకటి, లోపల ఉన్నది ఒకటి. ఆ రెండింటికీ మధ్యే నీ కథ ఉంది, సీటు రావడంలో లేదు.

గురజాడ వారి కన్యాశుల్కం సంగతే తీసుకో. సంఘసంస్కరణ కోసమని రాసిన నాటకం, 1892లో ఆడారు. ఆ శుల్కం గొడవ ఇవాళ మనకి లేదు. కానీ నాలుగు ఇంగ్లీషు ముక్కలు విసిరి పబ్బం గడుపుకునేవాణ్ణి చూస్తే ఇప్పటికీ "వీడు గిరీశం రా" అంటాం. 1909లో ఆయన దాన్ని దాదాపు తిరగరాశారు. సమస్య పాతదే, పెరిగింది మనుషులు, ముఖ్యంగా మధురవాణి. 

అలాగని కథలో కనపడ్డ ప్రతివాడికీ జాతకం రాయకు. టికెట్ ఇచ్చేవాడు టికెట్ ఇచ్చి తప్పుకుంటే చాలు.

మాటల సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. నీ తండ్రి "నేను ఇందుకు అంగీకరించలేను" అంటున్నాడు. గుణుపురం కొట్లో అలా ఎవరంటారమ్మా? గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పుకుంటూ సవర నేర్చుకున్నారు, జనం నోటి తెలుగు కోసం పోరాడారు. మనం ఆ పక్కనే ఉండి పేపరు భాష రాస్తే ఎలా? అయితే ప్రతి వాక్యంలోనూ ఒడియా, యాస గుప్పించకు, హైదరాబాద్‌లో చదివేవాడికి తలనొప్పి. ఎక్కడ మనిషి మారతాడో అక్కడ ఒక్క మాట చాలు.

ముందు ఆ గొడవ సీను తిరగరాసి పంపు. గల్లాపెట్టెలో కాగితం ఉండాలి, దాని గురించి ఇద్దరూ నోరెత్తకూడదు. అప్పుడు కూతురి లెక్క కూడా తేల్చాల్సి వస్తుంది. నాన్నకి చదవడం రాదని తెలిసీ రైలెక్కింది కదా ఆ పిల్ల. వెళ్లేముందు ఆ కాగితం చదివి పెట్టి వెళ్లిందా, మడత విప్పకుండానే వెళ్లిపోయిందా?

ఉంటాను.
మీ మాస్టారు